ఆకాశ దారిలో హైదరాబాదు ఎంత దూరం?

చంద్రపూర్ పక్కన పద్మాపూర్ బొగ్గు గనుల చుట్టూ స్థిరపడిన మన తెలుగువాళ్ళకు హైదరాబాదు నుంచి వచ్చే ఫోను చాలాసార్లు తొందర కబురే. "పెద్దాయనకు బాగాలేదు, వెంటనే బయల్దేరండి" అంటారు. ఇంట్లో కుర్రాళ్ళేమో "ఫ్లైట్‌లో వెళ్ళు నాన్నా, గంటన్నరలో దిగుతావు" అంటారు. ఆ గంటన్నర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఒకసారి లెక్క వేద్దాం.

చంద్రపూర్ దగ్గర మోర్వాలో చిన్న రన్‌వే ఉంది గాని, మనం టికెట్టు కొని ఎక్కే విమానాలు అక్కడికి రావు. నాగపూర్‌కు పోవాల్సిందే. హైదరాబాదు మనకు దక్షిణాన ఉంది, నాగపూర్ ఉత్తరాన, రోడ్డు మీద సుమారు 150 కిలోమీటర్లు. అంటే వెళ్ళాల్సిన ఊరికి వీపు పెట్టి ముందు మూడు గంటలు ప్రయాణం చేయాలన్నమాట!

నాగపూర్ నుంచి శంషాబాదుకు సరళరేఖలో సుమారు 430 కిలోమీటర్లు. 2008 మార్చి దాకా ఈ విమానాలు బేగంపేటలో దిగేవి, అప్పుడు ఈ దూరం పాతిక కిలోమీటర్లు తక్కువ. పైగా దిగితే ఊళ్ళోనే ఉండేవాళ్ళం. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుందని విని 430ని భాగిస్తే అరగంట దాటి రెండు నిమిషాలు వస్తుంది. మరి టికెట్టు మీద గంటంపావు, గంటన్నర ఎందుకు రాస్తారు? విమానం తలుపు మూసుకుని కదిలిన క్షణం నుంచి అక్కడ ఆగే క్షణం దాకా లెక్క కాబట్టి. రన్‌వే దాకా నడవాలి, వంతు కోసం ఆగాలి, పైకెక్కాలి, మళ్ళీ మెల్లగా దిగాలి. ఇంత దగ్గరి ఊరికి పూర్తి వేగంతో ఎగిరేది కొద్దిసేపే.

పొద్దున అయిదింటికి పద్మాపూర్‌లో బయల్దేరారనుకోండి. ఎనిమిదింటికి నాగపూర్, తనిఖీలకు రెండు గంటలు, పదికి విమానం, పదకొండున్నరకు శంషాబాదు. సామాను తీసుకుని ఊళ్ళో ఆసుపత్రి చేరేసరికి ఒంటిగంట. మొత్తం ఎనిమిది గంటలు.

ఇక రైలు. కాజీపేట-బల్లార్షా లైను 1929లో పూర్తయింది. చంద్రపూర్ నుంచి సికిందరాబాదుకు ఆ దారిన దాదాపు 380 కిలోమీటర్లు. కాజీపేట వైపు వంపు తిరిగి పోతుంది కనుక సరళరేఖ కంటే ఎక్కువే. అయినా 2024 సెప్టెంబరులో మొదలైన నాగపూర్-సికిందరాబాద్ వందే భారత్ చంద్రపూర్‌లో ఆగుతుంది, సుమారు అయిదు గంటల్లో సికిందరాబాదులో దింపుతుంది. అది దాటిపోయాక ఫోను వస్తే? బల్లార్షాలో దొరికిన మొదటి ఎక్స్‌ప్రెస్ ఎక్కినా, సాధారణంగా విమానం కోసం నాగపూర్ పోయినవాళ్ళకంటే వెనకబడరు. ఖర్చు సంగతి వేరే చెప్పాలా!

ఢిల్లీకైతే లెక్క తిరగబడుతుంది. నాగపూర్ అటువైపే ఉంది, అక్కడి నుంచి గాలిలో సుమారు 850 కిలోమీటర్లు, రెండు గంటల లోపు. రైల్లో అయితే రాత్రంతా గడపాలి.