‘కారు నడుపుతారా?’ అంటే అవ్వ ఏం చెప్పాలి?

శుక్లాల ఆపరేషన్ అయింది. అక్షరాల బోర్డు చివరి వరస దాకా చదివేశారు. చూపు వచ్చినట్లే! మరి బియ్యంలో రాళ్లు ఏరగలుగుతున్నారా? గద్వాల మగ్గం మీద తెగిన పోగు కనిపిస్తోందా? చీకటి పడ్డాక గడప దాటగలుగుతున్నారా? ఆ సంగతి బోర్డు చెప్పదు, రోగే చెప్పాలి. అందుకే వైద్యులు ప్రశ్నావళులు తయారుచేశారు.

చిక్కల్లా ప్రశ్నలతోనే! అమెరికాలో పుట్టి ఎన్నో దేశాల్లో వాడుతున్న 25 ప్రశ్నల ప్రశ్నావళి కారు నడపడం గురించీ అడుగుతుంది. ఎన్నడూ స్టీరింగ్ పట్టని నడిగడ్డ అవ్వ ఏం చెబుతుంది? ఆ ప్రశ్న వదిలేయాల్సిందే.

హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996-2000 మధ్య రాష్ట్రంలో 10,293 మంది కళ్లను పరీక్షించింది. ఎంచుకున్న నాలుగు ప్రాంతాల్లో మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 దాకా అందులోవే. అప్పుడే కంటిచూపు వల్ల జీవితం ఎలా ఉందో కూడా జనాన్ని అడిగారు. అదే సంస్థ 2003లో చూపు తక్కువున్న బడిపిల్లల కోసం 19 ప్రశ్నలు రూపొందించింది. రోగులతో మాట్లాడి, వారి కష్టాల్లోంచే అల్లిన 33 ప్రశ్నల భారతీయ ప్రశ్నావళి 2005లో వెలువడింది.

ఇన్నింటిలో ఏది మంచిది? దాన్ని తేల్చేందుకే సమీక్షలు. ఒక ప్రశ్నావళిపై వచ్చిన అధ్యయనాలన్నీ వెతికి, జల్లెడ పడతారు. అందుకు నెదర్లాండ్స్ పరిశోధకుల చొరవతో వచ్చిన కొలబద్దే ‘కాస్మిన్’. దాని తనిఖీ జాబితా 2010లో, సమీక్షలకు మార్గదర్శకాలు 2018లో వచ్చాయి.

అన్నిటికన్నా ముందు చూసేది ఒక్కటే... ప్రశ్నలు రోగి బతుకుకు సంబంధించినవేనా, అర్థమవుతున్నాయా, ముఖ్యమైనదేదీ వదిలేయలేదు కదా? జబ్బులో మార్పు లేనప్పుడు వారం తర్వాత అడిగినా అదే జవాబు వస్తుందా? నయమైతే మార్కు మారుతుందా? ఇవీ చూస్తారు. ఒక పరీక్షను జరిపిన తీరులో అన్నీ బాగుండి ఒక్క అంశం నాసిరకమైనా, దానికి దక్కేది ఆ నాసిరకం మార్కే. కడివెడు పాలకు ఒక్క విషపు చుక్క చాలదూ!

ఇదంతా పరిశోధకుల గొడవ అనుకోవద్దు. కొత్త మందు, కొత్త ఆపరేషన్ పనిచేసిందా లేదా అన్నది చాలాసార్లు ఈ మార్కులే చెబుతాయి. ప్రశ్న తప్పయితే మంచి చికిత్స కూడా పనికిరానిదిగా కనిపిస్తుంది.

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022 నుంచి వైద్య కళాశాలలున్నాయి. రేపెవరైనా ప్రశ్నల కాగితంతో మీ ఇంటికొస్తే, అర్థంకానిదానికి మొహమాటంతో తల ఊపకండి. ‘అర్థం కాలేదు’ అనండి. అది మీ తెలివితక్కువతనం కాదు, ప్రశ్నలో లోపం. అది తెలియడమే వారికి కావలసింది!