బల్ల మీద బోర్లించిన ఫోను

మోగని ఫోను కూడా మనసును లాగుతుందా? 2017లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరి ఫోన్లను చప్పుడు ఆపించి బల్ల మీద బోర్లా పెట్టించారు. కొందరివి జేబులోనో సంచిలోనో ఉంచారు, ఇంకొందరివి పక్క గదిలో పెట్టించారు. పరీక్షల్లో పక్క గది వాళ్లే మెరుగ్గా చేశారు. ఫోను జోలికి పోకూడదని మనసును బిగబట్టడానికే కొంత శక్తి ఖర్చవుతుందని పరిశోధకుల వాదన. తర్వాత ఇలాంటి ప్రయోగాలే చేసిన కొందరికి ఈ తేడా కనిపించలేదు. కాబట్టి ఫోను బుర్ర తినేస్తోందని గుండెలు బాదుకోనక్కర్లేదు (ఆ పని వాట్సాప్ గ్రూపులు చూసుకుంటాయి).

కానీ 2015లో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయ ప్రయోగంలో, ఫోను చేతిలోకి తీసుకోకపోయినా, అది మోగినంత మాత్రానే చేస్తున్న పనిలో తప్పులు పెరిగాయి. అందుకే పని వేళ ఫోను చప్పుడు ఆపేయడం మేలు. మరి అత్యవసరమైతే ఎలా అంటారా? ఇంట్లోవాళ్ల కాల్స్ మాత్రమే మోగేలా పెట్టుకునే సెట్టింగు ఇప్పటి స్మార్ట్‌ఫోన్లలో ఉంది. పిల్లలు చదువుకునే గంటసేపు ఫోన్లు పక్క గదిలో పెట్టి చూడండి, మీది కూడా.