పాల్నా

హిందీలో పాల్నా అంటే ఉయ్యాల. పనికెళ్లే తల్లుల 6 నెలల నుంచి 6 ఏళ్ల పిల్లల్ని పగటిపూట చూసుకునే కేంద్ర పథకానికి 2022లో పెట్టిన పేరు. దీని కింద అంగన్‌వాడీల్లో కూడా క్రెష్ నడుస్తుంది. అందుకు వేరుగా ఒక కార్యకర్త, ఒక ఆయా ఉంటారు.

ఇక 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలకు క్రెష్‌ను 2017 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్ట సవరణ తప్పనిసరి చేసింది. హైటెక్ సిటీ ఐటీ కంపెనీలు ఈ నిబంధన కిందికే వస్తాయి. మరి ఆ అద్దాల మేడలకు ఇటుకలు మోసే తల్లుల మాటేమిటి? 50 మందికి మించి మహిళా కూలీలున్న చోట పిల్లల గది ఉండాలనీ, శిశు సంరక్షణలో శిక్షణ పొందిన మహిళే దాన్ని చూసుకోవాలనీ 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టమే చెప్పింది.

చిక్కంతా ఆ శిక్షణ దగ్గరే. 2023లో మొదలైన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమం అంగన్‌వాడీ టీచర్లకు ఆ పాఠాలే నేర్పుతోంది. ఉయ్యాల కొనుక్కోవచ్చు, ఊపే చేతికి నేర్పు కావాలి.