పొట్లం భాష రాకున్నా.. అంకెలు చెబుతాయి
పెరటి తోటకు విత్తనం, నారు ఎంచుకోండిలా

బేరిగై: ఇంటి వెనక నాలుగు టమోటా మొక్కలు, రెండు వంగ, పందిరి మీద ఓ సొరతీగ ఉంటే కూరకు తడుముకునే పని ఉండదు. అందుకే హోసూరు, కృష్ణగిరి పల్లెల్లో కాస్త పెరడు ఉంటే చాలు, ఏదో ఒక విత్తు వేస్తూనే ఉంటారు. తీరా రెండు నెలలు నీళ్లు పోశాక మొక్క ముడుచుకుపోతే నేలనో, వాననో తిట్టుకుంటారు. చాలాసార్లు పొరపాటు కొన్న రోజే జరిగి ఉంటుంది.

సరిహద్దు ఊళ్లలో మరో చిక్కుంది. ఇంట్లో మాట తెలుగు. దుకాణంలో పొట్లం మీద రాత ఇంగ్లిషో, తమిళమో, కన్నడమో. తెలుగు బడిలో చదువుకున్న పెద్దవాళ్లు బొమ్మలో కాయ నిగనిగలాడుతోందని కొనేస్తుంటారు. బొమ్మ వదిలేసి మూడు సంగతులు చూస్తే చాలు. వాటికి పెద్దగా భాషతో పని లేదు.

రంగు, తేదీ, శాతం

మొదటిది రంగు. ప్రభుత్వ ధ్రువీకరణ పొందిన విత్తనానికి నీలం ట్యాగు ఉంటుంది. కంపెనీ తన పూచీపై అమ్మేదానికి ఆకుపచ్చ లేబుల్. అంగట్లో లేబుల్ లేకుండా కాగితంలో చుట్టి ఇస్తే దానికి పూచీ ఎవరూ ఉండరు.

రెండోది తేదీ. పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ రెండూ ఉండాలి. ధ్రువీకరణ విత్తనానికి గడువు మామూలుగా పరీక్ష జరిగిన నాటి నుంచి తొమ్మిది నెలలు.

మూడోది మొలక శాతం. ప్రమాణాల ప్రకారం టమోటా, వంగకు కనీసం 70, బెండకు 65, మిరపకు 60 ఉండాలి. నమ్మకం కుదరకపోతే 20 గింజలు తడిగుడ్డలో చుట్టి, ఆరిపోకుండా చూసుకోవాలి. టమోటా వారంలో, వంగ, మిరప రెండు వారాల్లో తేలిపోతాయి. 20కి 14 మొలిస్తే 70 శాతమన్నమాట.

ఎరుపు, నీలం రంగు పూసిన గింజలకు మందు పట్టించి ఉంటారు. మిగిలితే వంటకు వాడకూడదు, కోళ్లకు వేయకూడదు. పిల్లలకు అందకుండా పెట్టాలి.

నారుకు కళ్లే లేబుల్

నారుకు లేబుల్ ఉండదు కాబట్టి కళ్లతోనే పరీక్షించాలి. ముందు ఆకు తిప్పి అడుగున చూడాలి. తెల్లదోమ ఉంటే ఆ నారు వద్దు. టమోటాకు ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది అదే. వైరస్ సోకిన మొక్కను బాగుచేసే మందు లేదు, పీకేయాల్సిందే. మొదలు దగ్గర నల్లబడి మెత్తగా ఉంటే అది నారుకుళ్లు.

పొడుగ్గా, పాలిపోయి ఉన్న నారు నీడలో పెరిగిందని అర్థం. పొట్టిగా, కాండం దిట్టంగా ఉన్నదే మేలు. అప్పుడే పూత ఉందని ముచ్చటపడి కొనకూడదు, అది ముదిరిన నారు. టమోటా 25 రోజులది, వంగ 30-35, మిరప 35-40 రోజులది సరిపోతుంది. ట్రేలో పెంచిన మొక్కనైతే మెల్లగా పైకి లాగి చూడాలి. వేర్లు తెల్లగా ఉండి కొబ్బరిపొట్టును గట్టిగా పట్టుకుని ఉండాలి. చుట్టలు చుట్టుకుని గోధుమ రంగుకు తిరిగితే ఆలస్యమైనట్టే.

ఇంటి విత్తనం పోగొట్టుకోవద్దు

పొట్లం మీద హైబ్రిడ్ లేదా ఎఫ్1 అని ఉంటే ఆ కాయల గింజలు దాచి లాభం లేదు. మరుసటి పంటలో తల్లి గుణం నిలవదు. ఏటా కొనకుండా ఉండాలంటే నాటు రకాలో, సూటి రకాలో వేసుకోవాలి. కృష్ణగిరి జిల్లాలోని పైయూరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన పైయూరు-1 టమోటా అలాంటిదే. బెంగళూరు శివారు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క అనామిక బెండ కూడా సూటి రకమే. దాన్ని పల్లాకు తెగులును తట్టుకునేలా రూపొందించారు.

గింజకు వదిలే కాయను తెగులు లేని మొక్క నుంచే ఎంచాలి. బీర, సొర తీగ మీదే ఎండాలి. నీడన బాగా ఆరబెట్టి, పెద్దోళ్లు చేసినట్టు బూడిద కలిపి గాలి చొరని డబ్బాలో పెట్టాలి. తెలుగు బాగా వచ్చిన చేత్తో డబ్బాపై పేరు, నెల రాసుకుంటే మన పొట్లం మన భాషలోనే ఉంటుంది.

కొన్న విత్తనానికి మాత్రం బిల్లు, ఖాళీ పొట్లం, పది గింజలు పంట వచ్చేదాకా దాచాలి. మొలవకపోతే 1966 విత్తన చట్టం కింద నియమితులైన విత్తన ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు చేయొచ్చు. అప్పుడు చేతిలో ఉండాల్సిన రుజువులు అవే.