ధర తగ్గింది బండికే.. విడిభాగాలకు కాదు!

ఆఫర్ లెటర్ చేతికొచ్చింది. మొదటి జీతం ఇంకా పడనేలేదు, అప్పుడే ఫోన్‌లో సెకండ్ హ్యాండ్ కార్ల యాప్ తెరిచేశారు. ఒకప్పుడు షోరూంలో 70 లక్షలకు అమ్మిన ఎస్‌యూవీ ఇప్పుడు 14 లక్షలే అంటోంది! బ్యాంకు లోన్ ఇస్తానంటోంది, స్నేహితులు ‘తీస్కోరా’ అంటున్నారు. సంతకం పెట్టేముందు ఒక్క లెక్క చూసుకోండి.

పదేళ్లలో ఆ కారు ధర ఐదో వంతుకు పడిపోయింది. కానీ అందులోని గేర్‌బాక్స్, టర్బో, సెన్సర్లు ఇప్పటికీ 70 లక్షల కారు సామానే. వాటి ధర తగ్గలేదు. అంటే మీరు కొనేది 14 లక్షల బండి, పోషించేది 70 లక్షల బండి. ఎక్కువగా ఎక్కడ దెబ్బతింటుందో, ఎంత ఖర్చవుతుందో చూద్దాం. ఇక్కడి ఖర్చులు స్థూల అంచనాలు. మోడల్‌ని బట్టి, కంపెనీ సర్వీస్ సెంటరా బయటి గ్యారేజా అన్నదాన్ని బట్టి మారతాయి.

ఎయిర్ సస్పెన్షన్

రేంజ్ రోవర్, డిస్కవరీ, ఆడి క్యూ7, మెర్సిడెస్ జీఎల్ లాంటి చాలా బండ్లలో ఇనుప స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు సంచులుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రబ్బరు పగుళ్లిచ్చి గాలి లీకవుతుంది. ఆ లోటు పూడ్చడానికి కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి చివరికి అదీ పోతుంది. రాత్రి పార్క్ చేసిన బండి తెల్లారేసరికి ఒక మూల కిందికి దిగిందంటే అనుమానించాల్సిందే. ఒక్క చక్రానికే లక్ష రూపాయల దాకా కావొచ్చు. ఒకటి పోయిందంటే మిగతా మూడింటి వయసూ అంతే అని గుర్తుపెట్టుకోండి. జీతం 45 వేలనుకుంటే ఒక్క మూల రిపేరుకే రెండు నెలల జీతం దాటిపోతుంది.

ఇంజిన్ లోపలి చప్పుడు

బీఎండబ్ల్యూ ఎక్స్1, ఎక్స్3 పాత 2.0 లీటర్ డీజిల్ మోడళ్లలో వాడిన ఎన్47 ఇంజిన్‌కు టైమింగ్ చైన్ సమస్య ఉందని మెకానిక్‌లందరికీ తెలుసు. చైన్ అరిగిపోవడం ఒక ఎత్తు. అది ఇంజిన్ వెనకవైపు, గేర్‌బాక్స్ పక్కన ఉండటం ఇంకో ఎత్తు. దాన్ని అందుకోవాలంటేనే గేర్‌బాక్స్‌నో, ఇంజిన్‌నో కిందికి దించాలి. అందుకే సామాను కంటే కూలీ ఎక్కువవుతుంది. మొత్తం లక్ష దాటడం మామూలే. చైన్ తెగితే ఇంజిన్ కూడా పోవచ్చు.

ల్యాండ్ రోవర్ పాత వీ6 డీజిళ్లలో క్రాంక్‌షాఫ్ట్ విరగడం పేరున్న సమస్య. అలా జరిగితే వేరే ఇంజిన్ వేయించడమే దారి. లక్షల్లో బిల్లు.

గేర్‌బాక్స్, నాలుగు చక్రాలు

చాలా లగ్జరీ ఎస్‌యూవీల్లో జెడ్‌ఎఫ్ కంపెనీ 8 స్పీడ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటుంది. ‘ఇందులో ఆయిల్ మార్చక్కర్లేదు, లైఫ్‌టైమ్’ అని అమ్మేవాళ్లు చెబుతారు. గేర్‌బాక్స్ తయారుచేసే జెడ్‌ఎఫ్ మాత్రం వాడకాన్ని బట్టి 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. వేలల్లో అయిపోయే ఆ సర్వీస్ ఎగ్గొడితే, తర్వాత గేర్‌బాక్స్ రిపేరు లక్షల్లోకి వెళ్తుంది. అలాగే నాలుగు చక్రాలూ తిప్పే బండికి టైర్లు నాలుగూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదలతో ఉండాలి. లేదంటే శక్తిని ముందూ వెనకా పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ దెబ్బతింటుంది.

సిటీ ట్రాఫిక్, డీపీఎఫ్

డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టరే డీపీఎఫ్. మసి నిండాక దాన్ని సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చేయాలి. హైవే మీద కాసేపు వేగంగా నడిస్తే ఆ పని జరుగుతుంది. రోజూ అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి నత్తనడకన వెళ్తే జరగదు. ఫిల్టర్ మూసుకుపోతుంది. సగంలో ఆగిన ప్రతిసారీ కొంత డీజిల్ ఇంజిన్ ఆయిల్లో కలిసి దాన్ని పల్చబరుస్తుంది. తర్వాతి దెబ్బ బేరింగులకు, చైన్‌కు.

కాగితాల ఖర్చూ ఉంది

ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై ఏళ్లుగా ఆంక్షలు ఉండటంతో అక్కడి కార్లు చౌకగా దక్షిణాదికి వస్తుంటాయి. అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ట్యాక్స్ లెక్కలో మీరు కొన్న రేటు కాదు, బండి వయసు, దాని అసలు ధర చూస్తారు. ఇక ఇన్సూరెన్స్ సంగతి: యాక్సిడెంట్‌కు డబ్బిస్తుంది గానీ, అరిగి పాడైన సామానుకు ఇవ్వదు.

అయినా కొనాలనుంటే..

* ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరొచ్చేలోపే వేడిచేసి ఉంచారంటే చప్పుడు దాస్తున్నారేమో చూడండి.
* ఓబీడీ స్కానర్‌తో చెక్ చేయించండి. ఎర్రర్ కోడ్‌లు అప్పుడే చెరిపేసినట్టు కనిపిస్తే ఆగండి.
* కంపెనీ సర్వీస్ సెంటర్లో పూర్తి సర్వీస్ హిస్టరీ అడగండి. మీటర్ రీడింగ్ తిప్పారా అన్నది అక్కడే తేలుతుంది.
* సీటు బెల్టు చివరిదాకా లాగి మట్టి మరకలు చూడండి. 2015 చెన్నై, 2020 హైదరాబాద్ వరదల్లో ఎన్నో బండ్లు మునిగాయి.
* ఆర్సీ మీద లోన్ ఉందేమో ఎం-పరివాహన్‌లో చూడండి.
* రిపేర్ల కోసం కనీసం 3 లక్షలు విడిగా ఉంచుకోగలరా? లేకపోతే ఇప్పుడు వద్దు. పైగా ఎడ్యుకేషన్ లోన్ కూడా ఉంటే అసలే వద్దు.

ఇదే మీకు పనికొస్తే?

పైన చెప్పిన ప్రతి సమస్య వెనకా ఒకరి జీతం ఉంది. వాడిన కార్లు అమ్మే సంస్థలకు ఇన్‌స్పెక్షన్ ఇంజినీర్లు, సర్వీస్ సెంటర్లకు డయాగ్నొస్టిక్ టెక్నీషియన్లు, బీమా రంగానికి లైసెన్స్ ఉన్న సర్వేయర్లు కావాలి. మెకానికల్ వాళ్లకే కాదు, సెన్సర్లు, వైరింగ్, ఈసీయూ తెలిసిన ఈసీఈ, ట్రిపుల్‌ఈ వాళ్లకూ ఇక్కడ చోటుంది. మామూలు ఓబీడీ స్కానర్ రెండు మూడు వేలలోపే దొరుకుతుంది. ఇంట్లో ఉన్న కారుకే పెట్టి లైవ్ డేటా చదవడం మొదలెట్టండి. ఇంటర్వ్యూలో ‘డీపీఎఫ్ ఎందుకు మూసుకుపోతుంది?’ అని అడిగితే మీ దగ్గర పుస్తకం మాట కాకుండా చూసిన మాట ఉంటుంది.