పిల్లల గౌనుకు చిరునామా ఏది?

కీసర, కంచికచర్ల, నందిగామ ప్రాంతాల్లోని దుకాణాలకు, తోపుడు బళ్లకు విజయవాడ వస్త్రలత వంటి టోకు బజార్ల నుంచి పిల్లల రెడీమేడ్ బట్టలు చేరుతుంటాయి. వాటిని కొనేవారు రంగు, ధర, కొలత చూసినంత శ్రద్ధగా మెడ దగ్గర వేలాడే బొందును, ఛాతీ మీద అతికించిన పూసను చూడరు.

టోపీ ఉన్న స్వెట్టర్ల మెడ చుట్టూ దూర్చిన బొందు చివర ముడి గానీ ప్లాస్టిక్ గుండు గానీ ఉంటుంది. జారుడుబల్ల పైమెట్టు దగ్గరి సందులో ఆ ముడి ఇరుక్కున్నదంటే, కిందికి జారుతున్న పిల్లవాడి బరువే బొందును మెడకు బిగించి ఊపిరాడకుండా చేస్తుంది. నడుము దగ్గరి బొందు బస్సు తలుపులో పడితే పిల్లలను ఈడ్చుకుపోతుంది. అమెరికా వినియోగ వస్తు భద్రతా సంఘం దీనిపై 1996లో మార్గదర్శకాలు ఇచ్చింది. 26 మరణాలు తన దృష్టికి వచ్చిన మీదట 2011లో చిన్నపిల్లల పైబట్టల మెడకు బొందు ఉండటమే ప్రమాదకర లోపమని నిబంధన చేసింది. మన దగ్గర మోటారు సైకిలు చక్రంలో చిక్కుకునే చున్నీతోనూ ఇలాంటి భయమే ఉంది.

నిప్పు సంగతి మరీ తీవ్రమైనది. నూలు బట్ట అంటుకుంటే త్వరగానే కాలుతుంది గానీ, నైలాన్, పాలియెస్టర్ పోగులు కాలుతూ కరిగి చర్మానికి అతుక్కుపోతాయి కనుక గాయం లోతుగా దిగుతుంది. పైగా కుచ్చులతో పరుచుకునే నెట్ గౌను అంచు కాకరపువ్వొత్తికి ఇట్టే అందుతుంది. దీపావళి నాడు నూలు బట్టలే కట్టాలన్న పెద్దల మాట చాదస్తం కాదు. మూడేళ్లలోపు పిల్లలకైతే ఊడివచ్చే గుండీ, చమ్కీ గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. కొనేముందే గట్టిగా లాగి చూడటం మేలు.

ఇలాంటి లోపం బయటపడినప్పుడు అమ్మిన సరుకును తయారీదారు వెనక్కి రప్పించి, డబ్బు తిరిగి ఇవ్వడమో వేరొకటి ఇవ్వడమో చేయడాన్ని రీకాల్ అంటారు. ప్రమాదకరమైన వస్తువులను ఇలా రప్పించాలని ఆదేశించే అధికారాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని 20వ సెక్షన్, 2020 జూలైలో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఇచ్చింది. అధికారం ఉన్నా, ఎవరు కుట్టారో ఎవరు కొన్నారో తెలియని గౌనును ఎక్కడి నుంచి రప్పించాలి? ఆటబొమ్మలకైతే ప్రభుత్వ ఉత్తర్వుతో 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. కీసరకు చేరువలోని కొండపల్లి బొమ్మల వంటి, భౌగోళిక గుర్తింపు పొందిన చేతిపనులకు మాత్రం మినహాయింపు దక్కింది. ఆ ఉత్తర్వు బట్టలకు వర్తించదు. బొమ్మ విషయంలో చూపిన పట్టుదల బొమ్మను పట్టుకున్న పిల్ల ఒంటి మీది బట్ట విషయంలో చూపకపోవడం వింతే.

కాబట్టి తయారీదారు పేరు, ఫోను నంబరు ఉన్న బట్టనే ఎంచుకోవాలి, బిల్లు అడిగి తీసుకోవాలి. లోపం కనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పవచ్చు; వస్తువు ఎక్కడ కొన్నా, తామున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకునే వీలును కొత్త చట్టం కల్పించింది. అయితే పేరూ బిల్లూ లేని గౌను మీద ఫిర్యాదు రాసేవారికి ఎదుటి పక్షం ఎవరో రాయడమే కష్టమవుతుంది.