మాటలు లేటేలే అని ఆగొద్దు

మా అక్క కొడుక్కి మూడేళ్లొచ్చినా మాటల్లేవు, పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. "మగపిల్లలకి మాటలు లేటేలే" అని ఏడాది ఆగాం, నాతో సహా. తప్పు చేశాం.

ఆటిజం మందులతో పోయే జబ్బు కాదు, మెదడు ఎదిగే తీరులో తేడా. థెరపీ ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది. స్పీచ్ థెరపీలో వాడికి ముందు నేర్పింది మాట కాదు, నీళ్ల బొమ్మున్న కార్డు అమ్మ చేతికివ్వడం. కార్డిస్తే నీళ్లొస్తాయని తెలిశాక ఏడుపు తగ్గింది. ఆక్యుపేషనల్ థెరపీలో చెంచా పట్టడం, బొత్తాలు పెట్టుకోవడం. స్పెషల్ స్కూల్లో ఏ పిల్లాడి ప్లాన్ వాడిదే.

ఖర్చంటారా? జిల్లాల్లో ప్రభుత్వ డీఈఐసీ సెంటర్లలో ఉచితం. సికింద్రాబాద్‌లో కేంద్ర సంస్థ ఎన్ఐఈపీఐడీ కూడా ఉంది.

మొన్న వాడే బైక్ బొమ్మ కార్డు నా చేతిలో పెట్టాడు. రౌండ్ కొట్టించా! మీకూ డౌటుంటే ఈ వారమే చూపించండి.